చుక్కల చోట

సినిమాల్లో, సీరియళ్లలో బూతు వింటే ప్రజలకు ఎంత బాధ కలుగుతుందో లెక్క తేలేదాకా తాను నిద్రపోనని, సభలో కూడా నిద్రపోనని సమాచార మంత్రిగారు సోమవారం ప్రకటించారు. విలేకరులం రాసుకున్నాం.

సర్వే ఫారం తయారుచేసిన సమాచార శాఖ డైరెక్టరుగారు మర్యాదస్థులు. సర్కారు కాగితం మీద బూతు అచ్చువేయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఒకటే ప్రశ్న పెట్టారు: '............ అనే మాట తెర మీద వింటే మీకెంత బాధ? కొంచెం / చాలా / భరించలేను.' సర్వే చేసేవారు ఆ మాటను పైకి అనరాదని కింద షరతు.

ఐదు వందల ఫారాలు కాంట్రాక్టు గుమాస్తా చేతికొచ్చాయి. శుక్రవారంలోగా నింపి తెస్తే ఉద్యోగం ఇంకో ఏడాది, లేకపోతే ఇంటికి. ఇంట్లో భార్యకు ఏడో నెల.

అతని వెంట నేనూ వెళ్లాను. మొదటి తలుపు ఒక మామ్మగారు తీశారు.

"ఏ మాట నాయనా?"

"అది నేను అనకూడదండీ."

"నువ్వు అనకపోతే నాకు బాధెలా కలుగుతుంది?"

"మీరే ఏదో ఒకటి అనుకోండి మామ్మగారూ."

"అనుకోవడమెందుకు, రాసిస్తా. టీవీలో ఆ మాట వినబడితే చాలు, మీ తాతగారు రిమోట్ విసిరేస్తారు. ఇప్పటికి రెండు పోయాయి."

చుక్కల మీద రాసి, 'భరించలేను' దగ్గర టిక్కు పెట్టారు. గుమాస్తా చదివి ఫారం గబుక్కున మడిచాడు. ఎదురింటి దర్జీ ఎవరినీ అడక్కుండా అదే మాట రాశాడు. మూడో వీధికొచ్చేసరికి గుమాస్తా చదవడం మానేశాడు.

"అన్నా, ఇవి పైకి పంపితే నా ఉద్యోగం ఉంటుందా?"

"పంపకపోతే?"

"అప్పుడూ ఉండదు."

పంపాడు.

నాలుగు వందల అరవై ఫారాల్లో ఒకే మాట చూసి డైరెక్టరుగారు మంచినీళ్లు తాగారు. దాన్ని ఫైల్లో రాయలేక ఒక చీటీ మీద రాసి, కవర్లో పెట్టి సీలు వేశారు.

మంత్రిగారు కవరు విప్పలేదు. "పాడు మాటలు నేను చదవనయ్యా. ఎక్కడ సంతకం?" అన్నారు. కెమెరాల ముందు ఆదేశం మీద సంతకం చేశారు: కవర్లోని మాట నేటి నుంచి ఏ తెర మీదా వినిపించరాదు, వచ్చినచోట బీప్ వేయాలి. గుమాస్తాను అక్కడికక్కడే పర్మనెంటు చేశారు. కవర్లోని చీటీ నకళ్లు మధ్యాహ్నానికి అన్ని చానళ్లకూ చేరాయి.

సాయంత్రం ఆరింటి వార్తలు మామ్మగారింట్లో చూశాను.

"బూతుపై చారిత్రక ఆదేశం జారీ చేసిన సమాచార మంత్రి శ్రీ బీప్ గారు..." అని న్యూస్ రీడర్ మొదలుపెట్టింది.

తాతగారు రిమోట్ మెల్లగా బల్ల మీద పెట్టారు.