మినియాపోలిస్‌లో ఆరు గంటల ఇరవై నిమిషాలు

ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు విమానం మినియాపోలిస్‌లో దిగింది. పది గంటల ఆరో నిమిషానికి వెండెల్ రుపర్ట్ జేబులోంచి కాగితం తీశాడు.

"తరవాతి విమానం నాలుగూ ఇరవై అయిదుకి. అంటే మన చేతిలో ఆరు గంటల ఇరవై నిమిషాలు. పదీ నలభైకి ఊళ్లోకి రైలు. పదకొండుకి జలపాతం. పన్నెండుంబావుకి బర్గర్. ఒకటిన్నరకి మ్యూజియం. మూడింటికి మళ్ళీ ఇక్కడ."

"బాత్రూమ్ ఎన్నింటికి?" అంది భార్య ఫిలిస్.

వెండెల్ కాగితం మళ్ళీ చూశాడు. అది రాయలేదు.

ఆ సాయంత్రం ఏడింటికి స్పొకేన్ నగరంలో అతనికొక విందు ఉంది. ఇల్లు మారేవాళ్ళ సామాన్లు చేరవేసే కంపెనీ ఒకటి అక్కడ ఉంది. పనుల్లో వేగం పెంచడానికి దాని యజమానురాలు జెరాల్డీన్ ప్రూయిట్ ఒక అధికారిని వెతుకుతోంది. భార్యని చూస్తే మనిషి అర్థమవుతాడని ఆవిడ నమ్మకం. అందుకే ఇద్దర్నీ రమ్మంది. ఆలస్యమైతే అసలు రావద్దని కూడా చెప్పింది. వెండెల్‌కి పదకొండు నెలలుగా ఉద్యోగం లేదు. ఫిలడెల్ఫియాలో అతను పనిచేసిన ఫ్యాక్టరీలో ఎవరెవరి సమయం ఎలా వృథా అవుతోందో రెండేళ్ళు లెక్కగట్టి, ఆఫీసులో ఒక ఉద్యోగం అనవసరమని నివేదిక ఇచ్చాడు. యాజమాన్యం శ్రద్ధగా చదివి, అది అతని ఉద్యోగమేనని కనిపెట్టింది.

జలపాతానికి పదకొండు నిమిషాలు కేటాయించాడు. నాలుగు నిమిషాల్లో చూసేశాడు.

"ఏడు నిమిషాలు మిగిలాయి!"

"ఆ నీళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి, చూడు" అంది ఫిలిస్. "ముందు నాకు బాత్రూమ్ చూపించు మహానుభావా."

జలపాతం ఉన్న పార్కులోది మరమ్మతులో ఉంది. రోడ్డు అవతల చర్చి తలుపులు తెరిచి ఉన్నాయి. ఇద్దరూ బేస్‌మెంట్‌లోకి దిగారు. ఫిలిస్ పని ముగించుకుని వచ్చేసరికి, తెల్ల ఏప్రన్ కట్టుకున్న లవోన్ అనే పెద్దావిడ వెండెల్ చేతిలో కాగితప్పళ్ళెం పెడుతోంది.

"వద్దండీ, మేం ఊరికే వచ్చాం" అంది ఫిలిస్.

"ఊరికే వచ్చినా తినాలిగా అమ్మా."

"నిజంగా వద్దండీ."

ఆ ఊళ్లో మొదటి రెండు 'వద్దు'లు లెక్కలోకి రావు. ఫిలిస్ మూడోది అనేలోపే ఆమె పళ్ళెంలో మాంసం మీద బంగాళాదుంపలు పరిచి కాల్చిన హాట్‌డిష్, తురిమిన క్యారెట్ బిగుసుకున్న ఆకుపచ్చ జెల్లీ పడ్డాయి.

వెండెల్ లెక్కవేశాడు. బర్గర్‌కి ముప్పావుగంట. ఇక్కడ పది నిమిషాలు. "తినేద్దాం" అన్నాడు గుసగుసగా.

"ఇది చావు భోజనంలా ఉంది, వెండెల్. పోయినాయన ఎవరో కూడా మనకి తెలీదు."

"ఆయనేం అభ్యంతరం చెప్పడులే."

లవోన్ కాఫీ పోస్తూ, "ఎక్కణ్ణించి వచ్చారు నాయనా?" అంది.

"ఫిలడెల్ఫియా."

లవోన్ కాఫీ పోయడం ఆపేసింది. "ఆర్డిస్! ఇలా రా! ఫిలడెల్ఫియా ఆయన వచ్చాడు!"

గది గదంతా లేచి నిలబడింది. పోయిన ఆర్విల్ సుంద్‌క్విస్ట్ పందొమ్మిదేళ్ళుగా ఫిలడెల్ఫియాలో ఎవరితోనో ఉత్తరాల మీద చదరంగం ఆడుతున్నాడు. ఒక ఉత్తరానికి ఒక ఎత్తు. ఆ మనిషి పేరు ఆర్విల్ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అడిగితే కూపీ లాగినట్టుంటుందని.

భార్య ఆర్డిస్ వచ్చి వెండెల్ రెండు చేతులూ పట్టుకుంది. "పందొమ్మిదేళ్ళు నాయనా! ఇంకా ఆ ఒక్క ఆటే!"

"పందొమ్మిదేళ్ళా? ఒక్క ఆటా?" వెండెల్ నిజంగానే అదిరిపడ్డాడు.

అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "మా ఆర్విల్ కూడా ఇలాగే విసుక్కునేవాడు" అంది ఆర్డిస్.

ఫిలిస్ భర్త పక్కటెముకలో పొడిచింది. "నిజం చెప్పు."

"నిజం చెబితే ఇరవై నిమిషాలు క్షమాపణలకే పోతాయి. ఊరుకుంటే అయిదు నిమిషాల్లో బయటపడతాం."

కానీ చదరంగం బల్ల ఆర్డిస్ ఇంట్లో ఉంది. ఇల్లు రెండు వీధుల అవతలే. ఈసారి ఎత్తు ఫిలడెల్ఫియా ఆయనదే. అది వేస్తే ఆర్విల్ ఆత్మ శాంతిస్తుందని ఆర్డిస్ అంది. మేనల్లుడు డ్వేన్ ఆ తరవాత ఎయిర్‌పోర్టులో తన కారులో దింపుతానన్నాడు. రైలు కోసం నిలబడే సమయం మిగులుతుంది. మ్యూజియాన్ని కాగితం మీద కొట్టేసి వెండెల్ సరేనన్నాడు.

అతనికి చదరంగం రాదు.

ఇరవై ఇద్దరు చుట్టూ నిలబడ్డారు. గోడ మీది ఫోటోలోంచి ఆర్విల్ కూడా చూస్తున్నాడు. వెండెల్ చేతికి దగ్గరగా ఉన్న పొడుగాటి బొమ్మని పట్టుకుని, దారి ఖాళీగా ఉన్నంత దూరం తోశాడు.

ఆట తెలిసిన డ్వేన్ చాలాసేపు చూశాడు. "అది... ఒక పద్ధతే" అన్నాడు చివరికి. ఆ ఊళ్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

ఆర్డిస్‌కి మాత్రం దుఃఖం ఆగలేదు. "మంత్రిని బలిచ్చేశాడు! నా ఆర్విల్ కోసం మంత్రిని వదులుకున్నాడు!"

రెండూ పదికి వెండెల్ మోకాళ్ళ మీద చరుచుకుని, "ఇక బయల్దేరతాం" అన్నాడు. అది వీడ్కోలులో మొదటి మెట్టని అతనికి తెలియదు. దాని మీద అందరూ ఇంకో కప్పు కాఫీ తాగారు. రెండోది వంటగదిలో, అక్కడ చలికాలం ఎప్పుడొస్తుందో మాట్లాడుకున్నారు. మూడోది గుమ్మం దగ్గర. ఆర్విల్ మోకాలి ఆపరేషన్ గురించి. నాలుగోది అరుగు మీద. అయిదోది కారు కిటికీ దగ్గర. లవోన్ రెండు చేతులూ కిటికీ అద్దం మీద వేసి, ఏ రోడ్డున వెళ్ళాలో, ఏ రోడ్డున వెళ్ళకూడదో, ఆ రెండో రోడ్డులో పూర్వం ఏ కొట్టు ఉండేదో చెప్పింది. ఫిలిస్ ఆమె ఫోన్ నంబరు రాసుకుంది. ఆర్డిస్ పరుగున వెళ్ళి డబ్బా నిండా ఆకుపచ్చ జెల్లీ తెచ్చి వెండెల్ ఒళ్లో పెట్టింది.

"వద్దండీ. వద్దు. వద్దు!" అన్నాడు వెండెల్, ఈసారి ముందే లెక్క పూర్తి చేసి.

"దారిలో తింటావులే నాయనా."

కారు కదిలేసరికి మూడూ ఏడు. మొదటి కూడలిలో నాలుగు వైపుల నుంచీ నాలుగు కార్లు ఒకేసారి వచ్చి ఆగాయి. డ్వేన్ ఎదుటివాణ్ణి వెళ్ళమని చెయ్యి ఊపాడు. ఎదుటివాడు ఎడమవైపు ఆవిడకి ఊపాడు. ఆవిడ కుడివైపు ముసలాయనకి ఊపింది. ముసలాయన డ్వేన్‌కి ఊపాడు.

"పోనియ్యవయ్యా!" అని అరిచాడు వెండెల్.

"ఆయన ముందు వచ్చాడేమోనండీ" అన్నాడు డ్వేన్ నెమ్మదిగా, మళ్ళీ చెయ్యి ఊపుతూ.

ఎయిర్‌పోర్టు చేరేసరికి మూడూ ముప్ఫై ఆరు. తనిఖీ దగ్గర ఫిలిస్ ఇట్టే దాటిపోయింది. జెల్లీ డబ్బా చూసి అక్కడి ఉద్యోగి వెండెల్‌ని ఆపేశాడు.

"ఇది ద్రవమండీ. తీసుకెళ్ళకూడదు."

"ద్రవమా? కదిలించి చూడు, కదిలితే అడుగు!"

ఆయన కదిలించాడు. కదిలింది. పై అధికారిని పిలిచారు. ఆయనా కదిలించాడు. నిజానికి ఆ డబ్బా అక్కడే పారేసి పరిగెత్తొచ్చు. కానీ తర్కం తనవైపు ఉండగా ఓడిపోవడం వెండెల్ వల్ల కాలేదు. తొమ్మిది నిమిషాల తరవాత ఓడిపోయాడు.

రొప్పుతూ గేటు చేరాడు. విమానం ఇంకా ఉంది. ఎవరూ ఎక్కడం లేదు. ఒక సీటు తక్కువైందని, ఎవరైనా ఒకరు రేపటి విమానానికి ఆగగలరా అని కౌంటర్లో అమ్మాయి అడిగిందట. తొమ్మిదిమంది లేచారు.

"నేనాగుతాను, నాకేం తొందర లేదు."

"ఛ, రేపు మీ మనవరాలి నాట్యం ఉందన్నారుగా! నేనాగుతా."

"మీ నడుం నొప్పితోనా? కూర్చోండి బాబూ."

వెండెల్ గడియారం చూశాడు. నాలుగూ ఎనిమిది. పైలట్ కూడా బయటికొచ్చి, కావాలంటే తనే ఆగుతానన్నాడు. పదకొండు నెలల నిరుద్యోగం వెండెల్ కళ్ళ ముందు మెదిలింది. కుర్చీ ఎక్కాడు.

"ఆపండి! ఇది ఇలా తేలదు! ఇక్కడ మంచితనాలు కాదు, ఒక నియమం కావాలి! గేటు దగ్గరికి అందరికంటే ఆఖర్న ఎవరొచ్చారో వాళ్ళు ఆగాలి. మనవరాళ్ళు లేరు, నడుం నొప్పులు లేవు. అంతే!"

గేటంతా చప్పట్లు. పైలట్ కూడా కొట్టాడు. కౌంటర్లో అమ్మాయి ముఖం వెలిగిపోయింది. తనిఖీ ఎవరు ఆఖర్న దాటారో కంప్యూటర్లో చూసింది. ఆ వెలుగు తగ్గింది.

"రుపర్ట్ గారంటే... మీరేనా అండీ?"

తొమ్మిదిమందీ ఒక్కసారిగా అతని చుట్టూ చేరారు. "అయ్యో, మీరు వెళ్ళండి, నేనాగుతాను!" "మీరెందుకు, నేనున్నాగా!"

"లేదండీ, ఇక మళ్ళీ మొదలుపెట్టొద్దు" అంది ఆ అమ్మాయి బతిమాలుతూ. "ఇంత స్పష్టమైన మాట ఈ గేటు దగ్గర ఇంతవరకూ ఎవరూ అనలేదు. దీన్నిప్పుడు మార్చకూడదు."

ఫిలిస్ భర్త చేతిలోంచి బ్యాగ్ అందుకుంది. "ఆవిడ ఇద్దర్నీ రమ్మంది. ఒకళ్ళమైనా వేళకి వెళ్ళాలిగా" అని ఎక్కేసింది. విమానం సరిగ్గా నాలుగూ ఇరవై అయిదుకి కదిలింది.

స్పొకేన్‌లో ఏడింటికి ఫిలిస్ ఒక్కతే భోజనానికి కూర్చుంది. భర్త ఎందుకు రాలేదో చెప్పాల్సి వచ్చింది. జలపాతం దగ్గర మొదలుపెట్టి అంతా ఉన్నదున్నట్టు చెప్పింది. అది ముగిసేసరికి పదయింది. జెరాల్డీన్ ప్రూయిట్ రెండుసార్లు నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల వాల్చింది.

"మా కుర్రాళ్ళు సామాను వేగంగానే దింపుతారమ్మా" అంది చివరికి. "దింపి, ఇంటావిడతో ఒక్క ముక్క మాట్లాడకుండా పారిపోతారు. ఆవిడ మళ్ళీ మమ్మల్ని పిలవదు. నాకు కావలసింది వేగం కాదని ఇప్పుడే తెలిసింది. సోమవారం నుంచి రాగలవా?"

ఆ నెలలోనే రుపర్ట్ దంపతులు స్పొకేన్‌కి మారారు. ఉదయం ఎనిమిదింటికి ఫిలిస్ ఆఫీసుకి వెళుతుంది, సాయంత్రం ఆరింటికి వస్తుంది. ఇంటి పనంతా వెండెల్ చూసుకుంటాడు, తొమ్మిదింబావుకల్లా అయిపోతుంది.