ప్రవర్తనకు ఇరవై మార్కులు

ఆ ఉదయం లిఫ్టు మెకానిక్ సగం రోజు సెలవు పెట్టాడు, ఒకే ఒక్క ఫొటో పని పట్టడానికి. పదకొండు గంటలకు కూతురికి పశువైద్య కళాశాలలో ఇంటర్వ్యూ. వందలో ఎనభై మార్కులు పరీక్షకు, ఇరవై ప్రవర్తనకు. ఆ ప్రవర్తన ఎలాంటిదో సోషల్ మీడియా చూసి తేలుస్తారట. పరీక్షలో పిల్లకు డెబ్బై ఆరు వచ్చాయి. ప్రవర్తనకు పది వేస్తే సీటు ఖాయం. వేయకపోతే రెండేళ్ల చదువు గంగలో కలిసినట్టే.

"పన్నెండేళ్లు ఒక్క రోజు బడి ఎగ్గొట్టని పిల్ల ప్రవర్తన వీళ్లకి ఫోన్లో కనబడుతుందా?" అని ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చిన రోజు నుంచి అతను పళ్లు నూరుతూనే ఉన్నాడు.

కూతురి అకౌంటు నిండా కట్లు కట్టించుకున్న కుక్కలు, కుంటి మేకలు. ఒక్క ఫొటోలో మాత్రం ఆమె ఎవరి మీదో వేలెత్తి అరుస్తోంది. కుక్కను రాయితో కొట్టిన పొరుగాయన మీద. రాయి మాత్రం ఫొటోలో పడలేదు.

"తీసేస్తే అనుమానం వస్తుంది బావా," అన్నాడు బావమరిది. ఫోను కవర్లు అమ్మే దుకాణం ఉంది కనక ఫోన్ల గురించి తనకు తెలియనిది లేదని అతని నమ్మకం. "పైన మంచి పోస్టులు పేర్చి దాన్ని అడుక్కి తొయ్యాలి."

కూతురు తల దువ్వుకుని వచ్చేసరికి నలభై మంచివి పేర్చేశాడు.

"మామయ్యా, నేను ఏడున్నరకి పెద్దల్ని గౌరవించి, ఏడూ ముప్పై ఒకటికి నీళ్లు పొదుపు చేసి, ఏడూ ముప్పై రెండుకి సూర్యుడికి థాంక్స్ చెప్పానా?"

"చురుకైన పిల్ల అనుకుంటారులే."

చిక్కేమిటంటే ఆ నలభైలో ఒక్కదాన్నీ ఎవరూ మెచ్చుకోలేదు. ఎవరూ మెచ్చని మంచితనం అనుమానంగా ఉంటుందని బావమరిది మళ్లీ సెలవిచ్చాడు. మెకానిక్ తన సంఘం గ్రూపు తెరిచాడు. ఇరవై ఏళ్లుగా అతను లిఫ్టు కార్మికుల సంఘానికి కార్యదర్శి. రాయడమంటే అతనికి తెలిసింది ఒకటే పద్ధతి. "మన పిల్లకు ఈ రోజు పదకొండు గంటలకు ఇంటర్వ్యూ. సభ్యులంతా వెంటనే స్పందించాలి. మన బలం చూపాలి" అని రాసి, కింద కూతురి అకౌంటు, కళాశాల పేరు పెట్టాడు.

సభ్యులు స్పందించారు. తొమ్మిదిన్నరకల్లా నాలుగు వందల మంది. 'పెద్దలను గౌరవిద్దాం' కింద మొదటి వ్యాఖ్య: "మన చెల్లికి అన్యాయం జరిగితే ఊళ్లో ఒక్క లిఫ్టు పైకి పోదు." సూర్యుడి కింద: "కళాశాల యాజమాన్యం డౌన్ డౌన్." పదింటికి ఎవరో ఆమెను పోరాట కమిటీ నాయకురాలిని కూడా చేసేశారు.

"చెరిపెయ్ నాన్నా," అంది కూతురు బస్సులో.

"ఒకటి చెరిపితే పది వస్తున్నాయి తల్లీ." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీ మామయ్య దుకాణానికి నేనే తాళం వేస్తాను."

కళాశాల వరండాలో ఒక అమ్మాయి బెంచీ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. లోపల ఇంటర్వ్యూ కమిటీ ఛైర్మన్ మేడమ్ మాత్రం వీళ్లను చూసి నవ్వింది.

"ప్రవర్తనకి ఇరవైకి ఇరవై. ఎంత ప్రశాంతమైన అకౌంటమ్మా నీది. అన్నీ పూలు, పిట్టలు. ఒక్క గొడవ లేదు."

కాగితాలు ముందుకు తోసింది. పూలే. పిట్టలే. మెకానిక్‌కు విషయం అర్థమైంది. అర్థం కాగానే కూతురి కాలు తొక్కాడు.

ఆమె కాలు లాక్కుంది. "ఈ అకౌంటు నాది కాదు మేడమ్."

"పేరు నీదేగా?"

"పేరు నాదే. మీరు ఫారంలో అకౌంటు అడగలేదు కదా."

"ముందే అడిగితే జాగ్రత్తపడతారు. అందుకే మా గుమస్తా పేరు కొట్టి వెతుకుతాడు." మేడమ్ నవ్వు కాస్త తగ్గింది. "ఇదే పేరుతో ఇంకో అమ్మాయి ఉంది. పోరాట నాయకురాలు. ఇందాకే సున్నా వేసి పంపేశాం."

"ఆ నాయకురాలిని నేనే," అంది కూతురు. "పూలమ్మాయి బయట ఏడుస్తోంది."

మేడమ్ కలం తీసింది. "అయితే మార్కులు అటూ ఇటూ మారుస్తాం. నీకు సున్నా."

మెకానిక్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"నేను లిఫ్టు పరీక్షించాలంటే తీగ పట్టి చూస్తాను, బ్రేకు పట్టి చూస్తాను. పక్క బిల్డింగు లిఫ్టు చూసి ఈ లిఫ్టుకి సంతకం పెడితే నన్ను జైల్లో వేస్తారు. మీరు ఎవరి పిల్లని చూసి ఎవరికి మార్కులు వేశారు? ఆ పిల్ల ఇంతసేపటి నుంచి ఎందుకు ఏడుస్తోందో దానికైనా తెలుసా? ఇప్పుడు నా పిల్ల నోరు విప్పింది కాబట్టి తెలిసింది. విప్పని వాళ్లు ఎంతమంది?"

"మీరు గొంతు తగ్గించండి."

"తగ్గిస్తాను. ఈ మాట మా సంఘంలో నాలుగు వందల మందికి నేను చెప్పనా, మీరే నోటీసు పెడతారా?"

కమిటీ పది నిమిషాలు తలుపు వేసుకుంది. పన్నెండింటికి గోడ మీద నోటీసు పడింది: సాంకేతిక కారణాల వల్ల ఈ ఏడాది ప్రవర్తన మార్కులు రద్దు; సీట్లు పరీక్ష మార్కులను బట్టే. జాబితాలో ఆ పేరు రెండుసార్లు ఉంది. పూలమ్మాయి కళ్లు తుడుచుకుని, అందులో తనది ఏదని అడిగింది.

"రెండూ మనవే," అంది మెకానిక్ కూతురు.

వెళ్లబోతుంటే మేడమ్ గుమ్మం దాకా వచ్చింది. ఈసారి గొంతు మెత్తగా ఉంది. "అమ్మా, మన కళాశాల గురించి నీ అకౌంటులో ఒక మంచి ముక్క రాస్తావా? చాలామంది చూస్తున్నారు."

"నా అకౌంటు ప్రవర్తనకి సున్నా కదా మేడమ్. ఎవరు నమ్ముతారు?"

ఆ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో కమిటీ ఇంకా తేల్చలేదు.