పరుశురాం ట్రాన్స్‌ఫర్

ఆ రోజు పరుశురాం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. తొమ్మిదింటికి పాత ల్యాప్‌టాప్ తెరవాలి. అందులోని చీర అంచు డిజైనును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పన్నెండింటికల్లా ఊరి శివారున సచిన్ అనే చోట ఉన్న కార్ఖానాకు చేరాలి. అక్కడ లేసు నేసే మగ్గం ఒకటి ఆ ఒక్కరోజే ఖాళీ. మర్నాటి నుంచి దానికి రెండు నెలల ఆర్డరుంది.

అది అలాంటిలాంటి అంచు కాదు. సూరత్‌లో డిజైన్ మాస్టరైన కొత్తలో, భార్య ప్రమీల పెళ్లిచీర కోసం అతను కంప్యూటర్ మీద గీసిన మొట్టమొదటి అంచు. ఆ చీర ఎలుకల పాలైంది. ఇప్పుడు కూతురు రుచిత, వచ్చేవారం నిశ్చితార్థానికి అమ్మ అంచే కావాలని పట్టుబట్టింది. "నా ల్యాప్‌టాప్‌ల పదిలంగ ఉన్నది బిడ్డా" అని పరుశురాం ఇంటిల్లిపాది ముందు మాటిచ్చేశాడు.

నాలుగు కిలోల ల్యాప్‌టాప్ బీరువా మీద నుంచి దిగింది. పిండిగిర్నీలా చప్పుడు చేసి, పావుగంటకు కళ్లు తెరిచింది. మౌసు మాత్రం కదలలేదు. దాన్ని తిప్పి లోపలి గోళీ తీస్తే, పాతికేళ్ల నూలుపొట్టు బయటపడింది. ప్రమీల జడపిన్నుతో దాన్ని గీకి, మళ్లీ తగిలించి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాడు. బాణం గుర్తు కదిలింది. సంబరంగా పెన్‌డ్రైవ్ గుచ్చాడు. డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటే తప్ప దీన్ని గుర్తుపట్టలేనని తెరమీద రాసి వచ్చింది.

పరుశురాం బార్డోలీలో కంప్యూటర్లు బాగుచేసే బావ మార్కండేయకు ఫోన్ కొట్టాడు. ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో బతికినవాడికి మెల్లగా మాట్లాడటం చేతకాదు, మెల్లగా మాట్లాడితే వినపడదు.

"బావా! డ్రైవర్ గావాల్నట! డ్రైవర్ లేకుంటే ట్రాన్స్‌ఫర్ గాదట! ... ఏందీ? పాత డ్రైవరే గావాల్నా? పన్నెండింటి లోపల ట్రాన్స్‌ఫర్ గాకుంటే నా పని ఖతం బావా! ప్రమీలకు చెప్పకు, లొల్లి చేస్తది!"

పక్కింటి గంగవ్వ బట్టలారేస్తోంది. ఆమెకు పరుశురాం మాటలు పూర్తిగా వినపడ్డాయి, మార్కండేయ మాటలు ఒక్కటీ వినపడలేదు. ఆ ఖాళీలు ఆమే నింపుకుంది.

మార్కండేయ సలహా సూటిగానే ఉంది. డ్రైవర్‌ను ఫ్లాపీలో ఎక్కించి ల్యాప్‌టాప్‌లో పెట్టాలి. అయితే ఫ్లాపీ పట్టే కంప్యూటర్ ఈ కాలంలో ఎవరి దగ్గరా లేదు. ఆ డ్రైవర్ తన పాత ఫ్లాపీల్లోనే ఎక్కడైనా ఉండకపోతుందా అని పరుశురాం లోపలి గది తలుపేసుకుని, ట్రంకుపెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. నలభై ఫ్లాపీల్లో ముప్పైతొమ్మిది చచ్చిపోయాయి. నలభయ్యోదానిలో ఎప్పుడో మేనల్లుడెవరో దించుకున్న చదరంగం ఆట ఉంది.

తలనొప్పి పుట్టి చాయ్ పెట్టుకుందామని బయటికొస్తే పొయ్యి లేదు. సిలిండర్ లేదు. అసలు గిన్నెల స్టాండే లేదు. ముందుగదిలో మంచం ఉండాల్సిన చోట దాని నాలుగు కోళ్ల గుర్తులే ఉన్నాయి. గుమ్మం ముందు టెంపో నిలబడి ఉంది. దానిలో అతని సంసారమంతా ఉంది. వాడకట్టు మగవాళ్లు తాళ్లు బిగిస్తున్నారు.

"ఎంత గుండె దిటవు చేసుకున్నవ్ తమ్మీ" అని గంగవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "మేం లేమా? డ్రైవర్‌ను సుత మేమే పిలిపిచ్చినం."

ఇదంతా ఏమిటని పరుశురాం నోరు తెరిచేలోపే ప్రమీల దర్జీ దగ్గర నుంచి వచ్చింది. టెంపోలో తన గ్రైండర్‌ను చూసి సంచీ జారవిడిచింది. గంగవ్వ ఆమె చెవిలో రెండు మాటలు వేసింది.

"ఏమయ్యా, ట్రాన్స్‌ఫర్ అయిందా?" అని ప్రమీల నిలదీసింది.

"ఎక్కడ అయింది! పొద్దుగాలసంది తన్లాడుతున్న."

"ఎన్నొద్దులసంది దాస్తున్నవ్?"

"పాతికేండ్లసంది. ఎవల్నీ ముట్టనియ్యలె."

"నాకు సుత చెప్పకుంట?"

"నీ కోసమే దాసిన గదనే!"

ప్రమీల గడప మీద కూలబడి ఏడుపు లంకించుకుంది. కంప్యూటర్ విషయానికి ఇంత ఏడుపెందుకో పరుశురాంకు అర్థం కాలేదు. టెంపో డ్రైవర్ అంబదాస్ ముందుకొచ్చాడు.

"మాస్టర్, డ్రైవర్ గావాల్నన్నరట. నేనే."

"నువ్వు గాదు నాయనా! కంప్యూటర్‌ల పెట్టే డ్రైవర్!" అని పరుశురాం గది చూపించాడు. వాడకట్టంతా తలలు లోపలికి పెట్టి ల్యాప్‌టాప్‌ను చూసింది. ఒక్కొక్కరుగా తాళ్లు వదిలేశారు. ప్రమీల ఏడుపు ఆగి, చూపు మారింది. ఏడుపే నయమనిపించింది పరుశురాంకు.

అంబదాస్ మాత్రం ల్యాప్‌టాప్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అరే, ఇది ఇంకా నడుస్తున్నదా! కామ్‌రేజ్‌ల పన్నెండేండ్లు కంప్యూటర్ దుకాణం నడిపిన మాస్టర్. గిరాకీ తగ్గి టెంపో పట్టిన. దీనికి డ్రైవర్ గిట్ట ఏమొద్దు. లోపలి డిస్క్ ఇప్పి, కొత్త కంప్యూటర్‌కు తగిలిద్దాం. కేబుల్ నా సీటు కిందనే ఉన్నది."

కొత్త కంప్యూటర్ సచిన్ కార్ఖానాలో ఉంది. గడియారంలో పదకొండున్నర. సామాన్లు దించుతూ కూర్చుంటే మగ్గం చేజారుతుంది. అందుకని బయలుదేరారు, మంచంతో, గ్రైండర్‌తో, గిన్నెలతో సహా. ముందు సీట్లో ప్రమీల ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి గ్రైండర్‌ను చూసుకుంది. కార్ఖానా గేటు దగ్గర వాచ్‌మన్, మాస్టరు ఇక్కడే కాపురం పెడతారా అని అడిగాడు.

ఫైలు రెండు నిమిషాల్లో వచ్చేసింది. తెరమీద మామిడిపిందెలు, వాటి మధ్య బాతులు వరసగా తేలాయి. ప్రమీల తెర దగ్గరికి వంగి వేలితో బాతులను లెక్కపెట్టింది.

"మూడో బాతుకు కన్ను లేదు. అప్పుడే చెప్పిన నీకు."

"దిద్దమంటవా?"

"వద్దు. నా చీరకు సుత గిట్లనే ఉండె" అంది. పొద్దున్నుంచి ఆమె మామూలు గొంతుతో అన్న తొలి మాట అదే.

సాయంత్రానికి అంచు నేసి చుట్టగా చేతికొచ్చింది. పరుశురాం దాన్ని గుండెలకు హత్తుకుని, విజయయాత్రలాగా టెంపోలో ఇల్లు చేరాడు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పొద్దున సామాన్లు ఎక్కిస్తున్నప్పుడే, ఇల్లు ఖాళీ అవుతోందని గంగవ్వ ఇంటి యజమానికి కబురు చెప్పేసింది. ఆ తర్వాత అది పొరపాటని తేలిన మాట చెప్పడం మరిచిపోయింది. లోపల ఎవరో భార్యాభర్తలు వంటింటి గోడలు తట్టి చూస్తున్నారు.

ఇల్లు తమకు నచ్చిందని, ఆ మిగిలిన ట్యూబ్‌లైటును తీసుకుపోతారా వదిలేస్తారా అని ఆ పెద్దమనిషి పరుశురాంను మర్యాదగా అడిగాడు.