మెహ్జబీన్ లోషన్‌బిళ్ళ విజయము

వినుడు, వినుడు! రోళ్ళు పగులు రోహిణీకార్తెలో, కత్తులు దూయుట ఎరిగిన పల్నాటి సీమలో, గురజాల పట్టణమున, రేకుల కప్పుపై వాలిన కాకి కాళ్ళు కాలి కావుమని ఎగిరిపోవు మిట్టమధ్యాహ్నవేళ, వేడిగాలిని ఈ మూలనుండి ఆ మూలకు నెట్టుటయే తన కులధర్మమని ఫ్యాను గిరగిర తిరుగుచుండగా, కత్తెరధారిణి, జాకెట్ల కుట్టుపనిలో అరివీరభయంకరి యగు మెహ్జబీన్ వంటింట గ్యాసుపొయ్యి వెలిగించెను. బుద్ధి ఉన్నవారెవరైన ఆ వేళ పొయ్యి దగ్గరకు పోవుదురా? పోరు. కాని వీరులకు బుద్ధి ఉన్నట్లు ఏ కథలో విన్నాము కనుక!

యుద్ధకారణము చెప్పెద. పక్కింటి కొండమ్మ, మెహ్జబీన్ బిడ్డలిద్దరిని పురిటినాటి నుండి కాళ్ళమీద పరుండబెట్టుకొని, నూనె రుద్ది, నీళ్ళు పోసి పెంచిన తల్లి. ఆ చేతులే కోల్డ్ స్టోరేజీ ముంగిట ఇరువదియేండ్లు మిరపకాయల తొడిమలు తీసి తీసి, తోలు బీటలువారి, వేళ్ళు కొయ్యబారి, నేడు జడకు రబ్బరు చుట్టుకొనుటకైనను వంగకున్నవి. మెహ్జబీన్ నూనెగిన్నె పట్టుకొని పోయినపుడెల్ల కొండమ్మది ఒకటే మాట.

"వద్దే అమ్మాయ్. మోచేతుల దాకా కారుద్ది, చీరంతా జిడ్డు. అయినా నేను రుద్దేదాన్నే గానీ రుద్దించుకునేదాన్ని కాదు."

ఆ మాట మెహ్జబీనుకు ముల్లై గుచ్చుకొనెను. ఆ చేతులను ఒక్కసారి తన చేతులలోనికి తీసుకొనవలెనన్నదే ఆమె కోరిన సామ్రాజ్యము. అట్టి విచారమున నుండగా సెల్‌ఫోనులో ఒక వీడియో ప్రత్యక్షమయ్యెను. కారని నూనె! తేనెమైనము ఒకపాలు, చాక్లెట్టు గింజలనుండి తీయు కోకో బటర్ ఒకపాలు, కొబ్బరినూనె రెండుపాళ్ళు కరిగించి అచ్చులో పోసినచో సబ్బువలె గట్టిపడి లోషన్‌బిళ్ళ యగునట. ఒంటికి రాచినపుడు కావలసినంతయే కరుగునట. మర్దనకు దివ్యముగా నుండునట. మెహ్జబీన్ దిగ్గున లేచి, కత్తెర పైకెత్తి, దిక్కులు పిక్కటిల్ల ప్రతిజ్ఞ చేసెను.

"ఓ గిన్నెలారా! ఓ గరిటెలారా! సాక్షులై నిలువుడు! ఎల్లుండి పొద్దుగూకులోపల కొండమ్మ పెద్దమ్మ చేతులను కారని నూనెతో మర్దింపనైతినా, నేను పట్టిన సూదిలో దారమెక్కకుండును గాక!"

"ఏందే, గిన్నెల్తో మాట్లాడతన్నావా?" అని లారీల మెకానిక్కు, ఆమె భర్త ఐజాజ్, చొక్కా తొడుగుకొనుచు అడిగెను. "ఎండదెబ్బేమన్నా తగిలిందా?"

ఆతడే మాచర్లనుండి తెల్లని తేనెమైనపు ముద్ద తెచ్చిపెట్టినవాడు. ఎందుకని అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. ఇల్లాలి పనుల నడుమ తల దూర్చరాదని ఆతని నీతి.

మొదటినాటి యుద్ధమున మెహ్జబీన్ సేన చిత్తుగా ఓడెను. మరుగునీటి మీద గిన్నె నిలిపి, మైనమును కరిగించి, బటరును నూనెను కలిపి, ఫ్రిజ్జులో పెట్టగా బిళ్ళలు రాయివలె గట్టిపడినవి. ఆహా యని బయటకు తీసి గట్టుమీద పెట్టి, ఒక జాకెట్టుకు హుక్సులు కుట్టి వచ్చునప్పటికి పళ్ళెమునిండ పాయసము! చీమలు ఒడ్డున నిలిచి ఆలోచించుచున్నవి. మెహ్జబీన్ పళ్ళెమును పక్కకు నెట్టెను. మరల వీడియో పెట్టి తేరిపార చూడగా, అయ్యో రాత, అందలి ఆవిడ ఒంటిపై ఉన్ని స్వెటరున్నది!

చలికాలపు తోడు లెక్క ఎండాకాలమునకు చెల్లదని పెరుగు తోడువేయు ప్రతి ఇల్లాలికిని తెలియును. ఆ తెలివి ఫోను చూచునపుడు మాత్రము ఎచటకు పోవునో! మెహ్జబీన్ తన నెత్తిన తానే మొట్టుకొని, మరునాడు మైనమును రెండింతలు చేసి, సబ్బు అచ్చులు లేవు గనుక నాలుగు గుంటల ఇడ్లీ రేకులో పోసెను. ఈసారి ఫ్రిజ్జు శరణు వేడలేదు. గురజాల ఎండలో నిలువని బిళ్ళ గురజాలకేల? మధ్యాహ్నము రెండు గంటలకు, నిప్పులు చెరుగు వేళ, నాలుగు బిళ్ళలును చెక్కుచెదరక నిలిచినవి. వానిని పళ్ళెమున బోర్లించి, జయజయధ్వానములు మనసులోనే చేసికొని, ఒక జాకెట్టు ఇచ్చి వచ్చుటకై ఆమె వీధిలోనికి పోయెను.

అదే అదనుగా క్షుత్పిపాసాపీడితుడై ఐజాజ్ ఇల్లు చేరెను. పళ్ళెమున తెల్లగా, గుండ్రముగా, నాలుగు. పల్నాటి మగవానికి ఇడ్లీ కనబడినచో చేయి తనంత తానే కారప్పొడి డబ్బా మీదికి పోవును. అది ఎవరును ఆపలేని విధి. మెహ్జబీన్ గడపలో కాలుపెట్టునప్పటికి ఆతడు బుగ్గ ఉబ్బించి, కనులు తేలవేసి, మైనముతో మల్లయుద్ధము చేయుచుండెను.

"ఏందే ఈ ఇడ్లీ! నమిలితే నలగదు, మింగితే దిగదు!" అని దొడ్డిలోనికి ఉరికి ఉమ్మివేసెను.

"ఏందయ్యా నువ్వు చేసిన పని! అయ్యి పెద్దమ్మ చేతులకు రుద్దే బిళ్ళలు! నాలుగింటికీ కారం చల్లావా?"

"మూడింటికే. ఒకటి నీకుంచా. పొద్దుట్నుంచీ ఏం తిన్లేదుగా నువ్వు."

తిట్టుటకు మెహ్జబీన్ నోరు తెరచెను. కోపము వచ్చెను, నవ్వును వచ్చెను, నవ్వే గెలిచెను. ముగ్గురు వీరులు కారప్పొడిలో నేలకొరిగినను, భర్త ప్రేమవలన నాలుగవది మచ్చలేక మిగిలెను.

సాయంత్రమైనది. కొండమ్మ పనినుండి వచ్చి, చేతులు కడుగుకొని, అరుగుమీద కూలబడెను. మెహ్జబీన్ ఆ ఏకైక బిళ్ళను గుడ్డముక్కలో పెట్టుకొని ఎదుట నిలిచెను.

"ఏందే ఇది, ఇడ్లీనా?"

"తినమాక పెద్దమ్మా, ఇప్పటికే ఒకాయన తిన్నాడు. చెయ్యి ఇటియ్యి."

"నూనె వద్దని చెప్పాగా."

"చుక్క కారిందంటే నా మొహాన కొట్టు."

కొండమ్మ ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రము అప్పిచ్చినట్లు ముందుకు చాచెను. మెహ్జబీన్ బిళ్ళ రాచి, బొటనవ్రేలితో ఒక్కొక్క కణుపును, బీటను, అరచేతి గట్టిమచ్చను ఒత్తసాగెను. కొండమ్మ నూనెచుక్కకై కాచుకొని, మోచేయి ఎత్తి చూచెను. పొడిగా నున్నది. అటు తిప్పి చూచెను. పొడిగనే యున్నది. వేళ్ళొక్కొక్కటే సడలి, చేయంతయు వచ్చి మెహ్జబీన్ అరచేతిలో పడెను.

"గట్టిగా రుద్దవే," అనెను చివరకు. "అన్నం తిన్లా?"

తినలేదు. మెహ్జబీనుకు ఆకలి గుర్తులేదు. ఆమెకు కన్నీరు వచ్చినది, దాచుకొనను లేదు.

మ్రోగింపుడు నగారాలు! ఊదుడు కొమ్ములు! గురజాలనుండి మాచర్లవరకు చాటింపు వేయుడు! ఎడమచేయి ఇంకను ముగియకముందే, ఎవ్వరును అడుగకముందే, కొండమ్మ కుడిచేయి తనంత తానుగా వచ్చి మెహ్జబీన్ ఒడిలో వ్రాలెను!