పెయింటర్ గారి పాలకోవా

పొద్దున్నే స్టవ్ మీద పెద్ద గిన్నెడు పాలు పెట్టి, గరిటె చేతపట్టుకుని నిలబడ్డాడు పెయింటర్. కుట్టు షాపుకి బయల్దేరుతున్న భార్య గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, మధ్యాహ్నం అమ్మొస్తోంది. ఆ కోవా ఏదో నాకొదిలేయకూడదూ?"

"నువ్వెళ్లు. ఇవాళ నా చేతి కోవా తినిపించి, ఆవిడ నోట అల్లుడూ అనిపించకపోతే మళ్లీ బ్రష్షు ముట్టను!"

పంతం ఊరికే రాలేదు. మిఠాయిలు చేయడంలో అత్తగారిది అందె వేసిన చెయ్యి. కూతుర్ని గోడలకు రంగులు వేసేవాడికి ఇచ్చామన్న బాధ మాత్రం ఆవిడకు ఇంకా తీరలేదు. ఎదురుగా కూర్చున్నా "మీ ఆయన్ని కాఫీ తాగమనవే" అంటూ కూతురి మీదుగానే మాట్లాడతారు. పెళ్లయ్యాక ఒక్కనాడైనా నేరుగా పలకరించిన పాపాన పోలేదు. అది అతనికి మనసులో ముల్లులా ఉండిపోయింది.

పాలు మరిగి, చిక్కబడి, తెలుపు వదిలి మీగడ రంగుకు తిరుగుతుంటే పెయింటర్ నోరు తెరుచుకుని చూశాడు. ఇన్ని డబ్బాలు కలిపాడా, ఆ షేడ్ ఒక్కసారైనా కుదిరిందా! "ఏం రంగు తల్లీ!" అని గిన్నెకే దణ్ణం పెట్టాడు. సరిగ్గా అక్కడే వృత్తి అడ్డొచ్చింది. పాత డబ్బాలో మిగిలిన రంగు కొత్తదాంట్లో కలిపేస్తేనే గోడంతా ఒకే ఛాయ వస్తుందని అతని సిద్ధాంతం. ఫ్రిజ్‌లో మొన్నటి పాలు గ్లాసుడు ఉన్నాయి. వాసనైనా చూడకుండా గుమ్మరించేశాడు.

అంతే, పాలు విరిగిపోయాయి. తెల్లటి ముద్దలొక పక్క, పచ్చటి తేట నీళ్లొక పక్క. గుండె జారిపోయింది గానీ చూపు తిప్పుకోలేకపోయాడు. ఎవరూ విడదీయకుండా ఇంత శుభ్రంగా విడిపోవడమే!

విరిగిన పాలను గుడ్డలో వడకడుతుంటే పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి తొంగి చూశారు. "నీ అసాధ్యం కూలా! రసగుల్లాలే చేస్తున్నావా బాబూ?"

పరువు దక్కే దారి దొరికింది. "అవునండీ. కోవాదేముంది, ఎవరైనా చేస్తారు" అనేశాడు.

పిన్నిగారి నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ అతని భార్యకు ఫోన్ చేయడం, భార్య వాళ్లమ్మకు చెప్పడం, "రసగుల్లాలా! మీ ఆయనే! అయితే ఇప్పుడే వస్తున్నా" అని అత్తగారు బయల్దేరడం చకచకా జరిగిపోయాయి.

ఇక్కడ పాకంలో వేసిన ఉండలు ఉబ్బి రెట్టింపయ్యాయి. పెయింటర్ కళ్లు కూడా. ఆ అద్భుతాన్ని అలా చూస్తూ ఊరుకుంటే బాగుండేది. డబ్బాను అడుగు నుంచి కలపకపోతే తోచని చెయ్యి అది! గరిటె పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. ఉండలన్నీ పొడిపొడి అయ్యాయి.

"కొంప మునిగింది!" అని తల పట్టుకున్నాడు. కానీ గోడ పాడైతే ఏం చేస్తాం? ఇంకో కోటు వేస్తాం. పాకం చాలావరకు వంపేసి, ఇంట్లో ఉన్న మంచి పాలన్నీ అందులో పోసి, మంట పెంచి, చెమటలు కక్కుతూ తిప్పాడు. దగ్గరపడ్డదాన్ని పళ్లెంలోకి గీకుతుండగా బెల్లు మోగింది.

అత్తగారు, వెనకే ఆయాసపడుతూ భార్య.

"ఏవే రసగుల్లాలు? మీ ఆయన్ని తెమ్మను."

పళ్లెం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ అనుమానంగా చూసి, చిటికెడు తుంచి నోట్లో వేసుకున్నారు. నమలడం ఆగింది. కళ్లు మూతపడ్డాయి. భార్య భయంతో గోడకు చేరగిలబడింది. అత్తగారి చెయ్యి మళ్లీ పళ్లెంలోకి వెళ్లింది. మళ్లీ వెళ్లింది.

"కలాకండ్!" అన్నారు ఆవిడ మెల్లగా. "ఇలా పూసపూసగా రావడం కోసం నేను పడని పాట్లు లేవు. ఒక్కనాడు కుదిరితే ఒట్టు!" అలవాటు కొద్దీ కూతురి వైపు తిరగబోయి, ఆగి, అతని వైపే తిరిగారు. "అల్లుడుగారూ, ఎలా చేశారు? నాకూ నేర్పండి."

పెయింటర్‌కు కళ్లు చెమర్చాయి. ఆ పిలుపు విన్నాక అబద్ధమాడబుద్ధి కాలేదు.

"అత్తయ్యగారూ, మొట్టమొదట... కోవా చేద్దామని గట్టిగా అనుకోవాలండీ."

అత్తగారు భక్తిగా కళ్లు మూసుకుని, తెరిచి, కొంగు బిగించారు.

"అనుకున్నాను. తర్వాత?"