గాడిద కాయిన్ దిగ్విజయము

వానమబ్బులు అనంతపురం పొలిమేర దాకా వచ్చి, ఏదో మరచినట్టు వెనుదిరిగి పోవు శ్రావణమాసమున, ఎర్రమట్టి దుమ్మే చందనచర్చగా, రేగుముళ్లే కోటగోడలుగా విలసిల్లు బత్తలపల్లె సీమలో, పగిలిన ఫోన్లకు ప్రాణప్రదాత, స్క్రూడ్రైవరు ధారియైన షఫీవుల్లా సాధించిన ఘనవిజయమును ఆలకింపుడు!

వాన కోసం ఊరివారు గాడిదలకు పెండ్లి చేసిన శుభదినాన, మారెమ్మ ఇంటి వరుడు, లంబకర్ణ వంశతిలకుడు, తాళికట్టు వేళ వధువు మెడలోని బంతిపూల దండను పరపర నమిలివేయగా, షఫీవుల్లా ఆ దృశ్యాన్ని ఫోనులో బంధించి లోకం మీదికి వదిలెను. లోకం పొట్టచెక్కలయ్యేలా నవ్వెను. నవ్వు చల్లారకముందే అతడు ఆ ముఖముద్రతో ‘గాడిద కాయిన్’ అను క్రిప్టో నాణేన్ని పుట్టించెను. దానికి లోహం లేదు, ఖజానా లేదు, రాజు లేడు. ఎందరు నవ్వితే అంత విలువ. ఉపయోగమా? ఒకడు జోకు వేస్తే ఇంకొకడు మెచ్చి నాలుగు కాయిన్లు విసరుట. అంతకుమించి ముల్లోకాలలో దానికి పని లేదు.

అంతట మారెమ్మ అతని కొట్టు ముందు ప్రళయమేఘమై నిలిచెను.

“ఏమప్పా షఫీ! నా గాడిద మూతి చూసి దేశమంతా నవ్వుతాండారంట. దానికేమొచ్చె? ఆ కాయినుతోనే దానికి మోపెడు మేత కొనుక్కరా. పొద్దుగూకేలోపల తేలేదా, దాని మొగం తీసేసి నీ మొగం పెట్టుకో!”

తన ముఖం చూసి నవ్వేవారు లేరని, ముఖం మారిన నాడే నాణేనికి మరణమని ఎరిగిన ఆ ధీరుడు, కరువులోనూ ఎండిన వేరుసెనగ మొక్కల మేత, అనగా చెనక్కాయ కట్టె, వామిగా మిగిలిన ఏకైక భూపతి సుబ్బన్న కళ్లానికి పరుగిడెను.

“సుబ్బన్నా! మోపెడు కట్టెకు నా గాడిద కాయిన్లు తీసుకో. రాజులు పోయినారు, వాళ్ల నాణేలు మట్టిలో పడినాయి. ఇది మట్టిలో పడదు, తుప్పు పట్టదు, జేబుకు బొక్క పడినా జారదు!”

“కంటికి కూడా కనపడదు గదప్పా.”

వీరుడు తన ఫోను తెరచి గార్దభ ముఖాన్ని చూపెను. సుబ్బన్న ఫోను అందుకొని కంటికి దగ్గరగా పెట్టి చూచెను.

“ఈ పెండ్లికొడుకేనా? ఇతని పెండ్లయిన మూడోదినం నా చేను మీద నాలుగు చినుకులు పడె. మొగం నా ఫోన్లో ఉంటే ఇంకో నాలుగు పడ్తాయేమో. పంపు.”

అయ్యో, కళ్లంలో సిగ్నల్ లేదు! వామి శిఖరాన ఒక్క గీత కలదట. తనది, సుబ్బన్నది రెండు ఫోన్లను జంట ఖడ్గాలవలె ధరించి, తుమ్ముచు, జారుచు, మరల ఎగబాకుచు షఫీవుల్లా శిఖరమెక్కెను. కుమ్మరిసారెవలె తెరపై చక్రం తిరిగెను, తిరిగెను. ఆవల సూర్యుడు గుట్టకు తలనానించెను. టింగ్! కాయిన్లు సుబ్బన్న ఫోనులో వాలెను.

కట్టెమోపు నెత్తినెత్తుకొని, కడపటి కిరణంతో పందెమాడి అతడు మారెమ్మ వాకిట వాలెను. గార్దభవరేణ్యుడు మోపును వాసన చూచి ముఖం తిప్పుకొనెను. ముల్లోకాలు ఊపిరి బిగబట్టెను. పిమ్మట మెల్లగా మరలి, ఒక్క కొరుకు కొరికెను.

“సరే పో, దాని మొగం ఉండనీలే,” అని మారెమ్మ షఫీవుల్లాకు చెంబెడు నీళ్లందించెను. ఆ కరువులో అది పట్టాభిషేకమే.

తమ ముఖాలను నాణేలపై ముద్రించుకొన్న చక్రవర్తులెందరో కలరు. తన ముఖమున్న నాణెంతో కొన్న మేతను తానే నిలబడి మెక్కిన ప్రభువు ఈ లంబకర్ణుడొక్కడే! మోపెడు చెనక్కాయ కట్టెకు జయము!