సగటున కులాసా

రక్తనాళానికి ఆడా మగా తేడా లేదని ఔషధ పరిశీలనా మండలి తన పదకొండో నియమంలో ఎప్పుడో తేల్చేసింది. (రక్తనాళాల అభిప్రాయం ఎవరూ అడగలేదు.)

కొత్త బీపీ మాత్రలో, ఒంట్లోకి వెళ్ళి హార్మోనులా నటించే మొక్క పదార్థం ఒకటుంది. ఎలుక రక్తనాళం నుంచి ఉంగరమంత ముక్క కోసి, ఉప్పునీటి గాజుగొట్టంలో కొక్కేనికి తగిలించి, ఆ మందు చుక్క వేసి చూడడం పరిశోధకురాలి పని. మగ ఎలుకల నాళాలు నూటికి నలభై పాళ్ళు వదులయ్యాయి. ఆడ ఎలుకలవి నలభై పాళ్ళు బిగుసుకున్నాయి. మూడుసార్లు చేసినా అంతే. నాళం బిగిస్తే బీపీ తగ్గదు, పెరుగుతుంది. వచ్చే నెల నుంచి ఆమె అక్కకూ బావగారికీ ఆ మాత్రే ఇస్తామని డాక్టరు చెప్పి ఉన్నాడు.

మండలి ఫారంలో 'గుణం' గడిని మగ ఎలుకల ఫలితాలతో అప్పటికే నింపేశారు. మిగిలింది 'హాని' గడి ఒక్కటే. ఆమె సగటుల అధికారి దగ్గరికి వెళ్ళింది.

"ఇంకో గడి కావాలి సార్. ఆడవాటికి వేరేగా వస్తోంది."

"అవి మొదట్నుంచీ అంతేనమ్మా. అందుకే ముప్పై ఏళ్ళు వాటి జోలికే పోలేదు మేం. నలభై వదులు, నలభై బిగువు. సగటెంత?"

"సున్నా."

"హాని సున్నా! ఇంతకన్నా మంచి మందుంటుందా?"

ఆమె పట్టు వదల్లేదు. గడుల ఉపసంఘం వేశారు. ఇంకో గడి గీస్తే ఫారం వెడల్పై ఫైలులో పట్టదని ఉపసంఘం తేల్చింది. ఏకరూపత పాటించనందుకు ఆడ ఎలుకలకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. (పంజరానికి అంటించారు. అవి తినేశాయి.) హాని సున్నా అని రాసి సంతకం పెట్టకపోతే ఎలుకల గదికి తాళం వేస్తామన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ పెట్టింది.

ఇంటికెళ్ళగానే ఫోన్ చేసింది. "ఆ మాత్ర మాత్రం వేసుకోకక్కా."

కానీ మాత్రలు బజారులోకి వచ్చాక అక్కే తిరిగి ఫోన్ చేసింది. "ఉత్తినే భయపెట్టావు కదే! డబ్బాలో కాగితం మీద హాని సున్నా అని నీ సంతకమే ఉంది. నువ్వు చూశాక నాకింకేం భయం?" ఎంత చెప్పినా వినలేదు.

మూడో వారం అక్క వంటగదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని పరిశోధకురాలు మండలికి ఫిర్యాదు రాసింది. జవాబు చాలా త్వరగా వచ్చింది.

"బాధితురాలి భర్తకు బీపీ బాగా తగ్గినట్టు నమోదైంది. సగటున ఆ కుటుంబం కులాసా. ఆధారం: మీ సంతకం."